సీసా వెనక ‘ఫ్రాగ్రెన్స్’ అని ఉంటే...

పోయిన చలికాలంలో నా కనురెప్పలు ఎర్రబడి, పొట్టు రాలడం మొదలైంది. హీటర్ గాలికి చర్మం పొడిబారిందనుకుని కొబ్బరినూనె రాశాను, కాటుక మానేశాను. మూడు నెలలైనా తగ్గకపోతే డెర్మటాలజిస్టు ప్యాచ్ టెస్ట్ చేశారు. అనుమానమున్న పదార్థాలను కొద్దికొద్దిగా వీపు మీద అంటించి, రెండు రోజులకు పట్టీలు తీసి చూస్తారు. మరో రెండు రోజులకు మళ్ళీ చూస్తారు. అన్నాళ్ళూ వీపు తడవకూడదు. చివరికి తేలింది, సువాసన పదార్థాల ఎలర్జీ అని. తలకు రాసుకున్న షాంపూ పడకపోయినా ముందు బయటపడేది కనురెప్పల మీదేనట, అక్కడ చర్మం అంత పల్చన.

మందేమిటని అడిగితే, క్రీము మంటను తగ్గిస్తుందే తప్ప ఎలర్జీని పోగొట్టదు, వాటికి దూరంగా ఉండడమే మార్గం అన్నారు. ఒకసారి ఒంటికి పడకుండా పోతే సాధారణంగా జీవితాంతం పడదు.

ఇంటికొచ్చి బాత్రూమ్‌లోని సీసాలన్నీ టేబుల్ మీద పెట్టుకుని కూర్చున్నాను. బీఎస్సీ కెమిస్ట్రీ చదివినదాన్ని, పొడుగాటి పేర్లకు భయపడను. కానీ పేర్లే లేవు! అమెరికా సీసాల మీద ‘ఫ్రాగ్రెన్స్’, ఇండియా నుంచి తెచ్చుకున్న సబ్బుల మీద ‘పెర్ఫ్యూమ్’. ఆ ఒక్క మాట వెనక పదుల కొద్దీ రసాయనాలు ఉండొచ్చు. సువాసన మిశ్రమం వ్యాపార రహస్యం కాబట్టి విడివిడిగా పేర్లు రాయక్కర్లేదని ఇక్కడి నిబంధన.

లండన్‌లో ఉన్న మా చెల్లెలిని అదే షాంపూ సీసా వెనక ఫొటో తీసి పంపమన్నాను. అందులో లిమోనిన్, లినలూల్, హెక్సైల్ సిన్నమాల్ అని వరసగా ఉన్నాయి. కంపెనీ ఒకటే, పేరూ ఒకటే. యూరప్‌లో 2005 నుంచి ఎలర్జీ కలిగించే 26 సువాసన పదార్థాలను పేరుతో రాయాలి. కడిగేసే వాటిలో 0.01 శాతం, ఒంటి మీద ఉండిపోయే వాటిలో 0.001 శాతం దాటితే చాలు. ఆ జాబితాను ఇప్పుడు 80 దాటించారు, కొత్త సరుకుకు 2026 జూలై 31 నుంచి వర్తిస్తుంది. లిలియల్ అనే పదార్థాన్నయితే 2022 మార్చి నుంచి అక్కడ నిషేధించారు.

‘నేచురల్’ అని ఉంటే ఫరవాలేదనుకోకండి. లవంగాల్లో యూజినాల్, దాల్చినచెక్కలో సిన్నమాల్ ఉంటాయి, రెండూ ప్యాచ్ టెస్ట్‌లో వాడేవే. నిమ్మతొక్కలోని లిమోనిన్, లావెండర్‌లోని లినలూల్ తాజాగా ఉన్నప్పుడు పెద్దగా ఏమీ చేయవు. మూత తీసిపెట్టి గాలి తగిలితే ఆక్సీకరణం చెంది హైడ్రోపెరాక్సైడ్లుగా మారతాయి, గట్టి ఎలర్జీ కారకాలు అవే. ఏడాది నాటి ఎసెన్షియల్ ఆయిల్ సీసా మీ ఇంట్లో కూడా ఉండే ఉంటుంది. ఆస్తమా ఉన్న పిల్లలకు రూమ్ ఫ్రెషనర్ల వాసనకే ఆయాసం రావచ్చు. అలాగని వాట్సాప్‌లో తిరిగే మెసేజ్‌ల్లోలాగా సువాసనంతా విషమని నేననను. చాలామందికి ఏమీ కాదు. అయ్యేవాళ్ళకు మాత్రం పేరు తెలియకపోతే దారి లేదు.

అమెరికాలో 2022 డిసెంబరులో వచ్చిన కాస్మెటిక్స్ చట్టం, మోక్రా, ఎలర్జీ కలిగించే సువాసన పదార్థాలను లేబుల్ మీద రాయించాలని ఎఫ్‌డీఏకి చెప్పింది. ముసాయిదాకు పెట్టిన గడువు 2024 జూన్, అది ఊరికే దాటిపోయింది. కాలిఫోర్నియా మాత్రం 2022 నుంచి ఇలాంటి వివరాలు కంపెనీల దగ్గర రాబట్టి, ఎవరైనా వెతుక్కునేలా పెడుతోంది. మీరు ఏ రాష్ట్రంలో ఉన్నా అందులో చూసుకోవచ్చు.

కొనేటప్పుడు ఒక్క తేడా గమనించండి. ‘అన్‌సెంటెడ్’ అంటే వాసన రాదని మాత్రమే, దాన్ని కప్పిపెట్టడానికి వేరే సువాసన కలిపి ఉండొచ్చు. మనకు కావాల్సింది ‘ఫ్రాగ్రెన్స్ ఫ్రీ’. బట్టల సబ్బు, డ్రయ్యర్ షీట్లు కూడా మర్చిపోవద్దు. నాకు చివరికి తగ్గింది దిండు గలీబులు ఉతికే సబ్బు మార్చాకే.

ఇక మిగిలింది అగరబత్తి. మా ఇంట్లో ఉన్న పెట్టెల మీద దేవుడి బొమ్మ, ధర తప్ప ఏమీ లేవు. అత్తయ్యగారు మొదట నొచ్చుకున్నారు గానీ, ఇప్పుడు దీపం లోపల, అగరబత్తి పాటియోలో తులసికోట దగ్గర వెలిగిస్తున్నారు.