సశేషం అన్న మాట ఎక్కడికి పోయింది?

ఫోన్‌లో ఒక సైటు తెరిచి వేలితో పైకి తోస్తూ పోతే ఎంతసేపటికీ అడుగు తగలదు. మధ్యాహ్నం భోజనాలయ్యాక పది నిమిషాలు చూద్దామని కూర్చుంటే పిల్లలు బడి నుంచి వచ్చే వేళవుతుంది. "ఆడవాళ్లకి ఫోన్ పిచ్చి" అని ఇంట్లో ఓ మాట పడేస్తారు. అనేవాళ్లూ, పడేవాళ్లూ కూడా ఈ అడుగులేని పేజీ ఎలా పుట్టిందో తెలుసుకుంటే మంచిది.

మన అమ్మల కాలంలో వారపత్రిక సీరియల్ చివర "సశేషం" అని ఉండేది. అక్కడ పుస్తకం మూసి ఎసరు పెట్టడానికి లేచేవారు. రాత్రి ఒక వేళకి రేడియో కూడా ఊరుకునేది. అంతెందుకు, 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కోనసీమ పొలాలను తడుపుతున్న కాలువలనే చూడండి. వాటికి లాకులున్నాయి, తూములున్నాయి, ఏటా ఎండాకాలంలో కట్టేసే రోజులున్నాయి. పూడిక తీయాలన్నా, గట్లు బాగుచేయాలన్నా నీరు ఆగాలి కదా!

ఇంటర్నెట్‌కీ మొదట్లో ఇలాంటి లాకులుండేవి. పేజీ అయిపోతే అడుగున "తరువాతి పేజీ" అని నొక్కాలి. నొక్కాలా, లేవాలా అని ఆలోచించుకోవడానికి ఆ ఒక్క క్షణం దొరికేది. అమెరికాలో అజా రాస్కిన్ అనే డిజైనరు 2006లో ఆ నొక్కే పని తప్పించాడు. చివరికి చేరేలోగా తరువాతి భాగం దానంతటదే వచ్చి అతుక్కునేలా చేశాడు. చదివేవాళ్లకి సుళువు చేద్దామన్నది అతని ఉద్దేశం. కానీ 2018లో బీబీసీతో మాట్లాడుతూ, దాని వల్ల జరిగినదానికి తనకు అపరాధ భావన ఉందని అతనే చెప్పాడు.

మన దగ్గర ఇంకో లాకు మిగిలింది, డబ్బు. నెట్ సెంటర్లో గంటకింత అని లెక్క, ఫోన్‌లో ఎంబీల లెక్క. 2016 సెప్టెంబరులో జియో వచ్చి, మొదట్లో డేటా ఉచితంగా ఇచ్చాక ఆ లెక్కా పోయింది.

నెట్ పూర్తిగా ఆగితే ఎలా ఉంటుందో మన జిల్లా చూసింది. 2022 మే 24న అమలాపురంలో గొడవలయ్యాక రోజుల తరబడి ఇంటర్నెట్ ఆపేశారు. ఇంటి నుంచి పనిచేసుకునే సాఫ్ట్‌వేర్ పిల్లలు సిగ్నల్ వెతుక్కుంటూ గోదావరి ఒడ్డుకి పోయారు. ఎవరో పైనుంచి కట్టేస్తే కావలసిందీ పోతుంది, అక్కర్లేనిదీ పోతుంది. మన తూము మనమే వేసుకుంటే అక్కర్లేనిది మాత్రమే ఆగుతుంది.

అది కష్టమేమీ కాదు. ముందుగా, ఆ సైటు యాప్ తీసేసి క్రోమ్ బ్రౌజర్‌లో తెరవండి. యాప్‌లో మన మాట సాగదు. క్రోమ్‌లో మూడు చుక్కలు నొక్కి, సెట్టింగ్స్‌లో సైట్ సెట్టింగ్స్, అందులో జావాస్క్రిప్ట్ అని ఉంటుంది. అక్కడ అందరికీ ఆపేయకుండా, మన సమయం తినే సైటు పేరొక్కటే చేర్చండి. కొత్త భాగాన్ని తెచ్చి అతికించేది సాధారణంగా ఆ జావాస్క్రిప్టే కాబట్టి చాలా సైట్లలో పేజీకి మళ్లీ అడుగు వస్తుంది. కొన్ని సైట్లు అసలు తెరుచుకోవు. అప్పుడు ఆ పేరు తీసేస్తే సరి. బ్యాంకు సైట్ల జోలికి మాత్రం పోకండి. యూట్యూబ్‌లో అయితే ఆటోప్లే మీట ఆపండి. ఒక వీడియో అయ్యాక ఇంకోటి దానంతటది మొదలవదు.

గూగుల్ కూడా వెతుకులాటలో ఈ ఆగని పేజీని 2021లో ఫోన్లకి తెచ్చి, 2024లో తీసేయడం మొదలుపెట్టింది. అంత పెద్ద సంస్థే వెనక్కి తగ్గగా లేనిది, మన ఇంట్లో మనం తూము వేసుకోవడానికి ఎవరినీ అడగక్కర్లేదు. మధ్యాహ్నం ఆ గంట మనది. దాని చివర సశేషం అని ఎక్కడ రాయాలో మనమే రాసుకుందాం.