లాలా లఫ్జ్ వచ్చింది, పువ్వు రాలేదు

ఉర్దూ షాయరీ వినే ఇళ్లలో లాలా పేరు తెలియనివాళ్లుండరు. ఆడపిల్లలకి లాలారుఖ్ అని పేరు కూడా పెట్టుకుంటాం. ఇంగ్లీషువాళ్ల ట్యులిప్ అదే. మరి మా వజ్రపుకొత్తూరు ఇసుక నేలల్లో ఆ పువ్వు ఎందుకు కనిపించదు? జవాబు కోసం తవారీఖ్ తిరగేశాను.

లాలా అసలు వతన్ మధ్య ఆసియా కొండలు. కాబూల్ చుట్టుపక్కల ముప్పైకి పైగా రకాల లాలాలు ఉన్నాయని బాబర్ బాద్షా బాబర్‌నామాలో రాసుకున్నాడు. ఉస్మానీ తుర్కులు దాన్ని బాగుల్లో పెంచారు, మస్జిద్ గోడల పలకల మీద చిత్రించారు. అరబీ లిపిలో ‘లాలా’ హర్ఫులు, ‘అల్లాహ్’ హర్ఫులు ఒకటే. ఇస్తాంబుల్‌లో 1718 నుంచి 1730 దాకా నడిచిన కాలానికి ‘లాలా దౌర్’ అనే పేరుంది. అంతకుముందే తుర్కీ గడ్డలు హాలెండ్ చేరాయి. అక్కడ వాటి ధరలు పిచ్చిగా పెరిగి, 1637 ఫిబ్రవరిలో కుప్పకూలాయి.

ఫార్సీ జబాన్ మన తీరానికి గోల్కొండ హుకూమత్‌తో వచ్చింది. శ్రీకాకుళం జామియా మస్జిద్‌ను 1641లో ఫౌజ్‌దార్ షేర్ ముహమ్మద్ ఖాన్ కట్టించాడు. ఆ శతాబ్దంలోనే డచ్చివాళ్లు భీమునిపట్నంలో కోఠీ పెట్టారు. లాలా గురించి పాడుకున్నవాళ్లు, దాంతో బేపారం చేసినవాళ్లు ఇద్దరూ వచ్చారు. పువ్వు మాత్రం ఇక్కడ వేళ్లూనలేదు.

సబబ్ మౌసమే. లాలా గడ్డకి దాదాపు మూడు నెలల గట్టి చలి తగిలితేనే కాడ సాగి పువ్వు పైకొస్తుంది. కశ్మీర్‌లో పాత ఇళ్ల మట్టికప్పుల మీద కూడా లాలా పూసేది. ఢిల్లీ రోడ్ల పక్కన పూసేవి హాలెండ్ నుంచి తెప్పించిన గడ్డలు. మనం ఫ్రిజ్‌లో మూడు నెలలుంచి, డిసెంబర్ చివర్లో కుండీలో నాటితే ఒక్కసారి పూయొచ్చు. మరుసటేడు ఉమ్మీద్ పెట్టుకోకండి.

మన నేల ఒప్పుకునే గడ్డ గుల్-ఎ-షబ్బో. తెలుగులో నేలసంపెంగ, పూలబజారులో లిల్లీ. దాని వతన్ మెక్సికో. సముద్రాలు దాటి వచ్చి, మన షాదీ హారాల్లో చేరిపోయింది. దానికి చలి అక్కర్లేదు. ఎండ, నీరు నిలవని నేల, కాస్త పశువుల ఎరువు ఉంటే చాలు. రాత్రయితే ఖుష్బూ ఇల్లంతా నిండుతుంది.

ఉద్యానవనం అన్న మాటే ఉద్దానం అయిందని ఇక్కడ పెద్దలంటారు. 2018 అక్టోబర్ 11న పలాస దగ్గర తీరం దాటిన తుఫాను ఈ బాగ్‌లోని కొబ్బరిని, జీడిని పడగొట్టింది. దాని పేరు తిత్లీ, మన ఉర్దూలో సీతాకోకచిలుక. అందమైన లఫ్జ్ ఒకటి మాకు అలా కూడా చేరింది. పడ్డచోట మళ్లీ మొక్క నాటినవాళ్ల వల్లే ఉద్దానం ఇంకా ఉద్దానంగా ఉంది. పిల్లలకి లాలా తవారీఖ్ చెప్పండి. వాళ్ల చేత్తో నాటించేది మాత్రం షబ్బో గడ్డ కానివ్వండి.