నానీ వేళ్ళ మీది మచ్చలు

బి.ఏ.లో నేను చరిత్ర చదివాను. చార్మినార్‌ను 1591లో కట్టారని రాసి మార్కులు తెచ్చుకున్నాను. ఆ చార్మినార్ నుంచి పడమటికి సాగే లాడ్ బజారుకు గాజులు చేసిచ్చిన మా నానీ వేళ్ళ మీద మచ్చలెందుకున్నాయో ఏ పుస్తకమూ చెప్పలేదు. నేనూ అడగలేదు. ఉర్దూలోనూ తెలుగులోనూ ఏళ్ళ తరబడి వార్తలు రాసి, 40 దాటాక, ఆ పని నేర్చుకుందామని పాతబస్తీ గల్లీలో ఒక ఖాలా ముందు కూర్చున్నాను.

మొదటి పాఠం నిప్పు దగ్గరే. బొగ్గుల అంగీఠీ, దాని మీద ఇనప పలక. లక్కను వేడిచేసి, సుద్దపొడి, రంగు కలిపి ముద్దగా పిసకాలి. పలక మీద దొర్లించి సన్నగా సాగదీయాలి. కొలతకు కోసి, గుండ్రంగా వంచి, కొసలు అతకాలి. వేడి తగ్గితే విరుగుతుంది. ఎక్కువైతే కారిపోతుంది. నా మొదటి గాజు విరిగింది. రెండోది కోడిగుడ్డులా వచ్చింది. మూడోదాని మీద నగీనా పెట్టబోతే లక్కలో మునిగిపోయింది. నా చూపుడువేలు బొబ్బెక్కింది.

"కాలనీ బేటీ, వేలు కాలితేనే హునర్ వస్తది" అంది ఖాలా. ఆమె వేళ్ళ మీదా అవే మచ్చలు.

లక్క ఎక్కడిది? మోదుగ, కుసుమ, రేగు చెట్ల కొమ్మల మీద చిన్న పురుగులు విడిచే జిగురది. అడవుల్లో ఆదివాసులు దాన్ని కొమ్మల నుంచి గీసి తీస్తారు. ఖాలా దాన్ని లాఖ్ అంటుంది. నేను లక్క అని రాస్తాను. రెండు మాటలూ సంస్కృత 'లాక్షా' నుంచి వచ్చినవే. పాండవుల లక్క ఇంటి కథ నేనూ బడిలో విన్నాను. అయినా "మీరెక్కడి నుంచి వచ్చారు?" అని నన్ను అడిగేవాళ్ళున్నారు. అడవిలో ఆదివాసి చెయ్యి, అంగీఠీ దగ్గర మా చెయ్యి, గాజు తొడుక్కునే ఏ మతం పెళ్ళికూతురి చెయ్యైనా - ఈ మూడింటినీ విడదీసి చూపించండి, అప్పుడు జవాబు చెప్తాను.

లాడ్ బజారు పేరు లక్క నుంచి వచ్చిందని కొందరంటారు. లాడ్ అంటే గారాబమనీ, కుతుబ్‌షాహీ రాకుమార్తె పెళ్ళి వల్ల ఆ పేరొచ్చిందనీ ఇంకొందరంటారు. రాకుమార్తె గారాబం కథయ్యింది. గాజు చేసినవాళ్ళ కథ ఏమయ్యింది?

మన తప్పు కూడా మనమే రాసుకోవాలి. 2015 జనవరిలో పాతబస్తీ గాజుల కార్ఖానాల నుంచి పోలీసులు 200 మందికి పైగా పిల్లల్ని విడిపించారు. ఎక్కువమంది బీహార్ పేదల బిడ్డలు. నేను ఇష్టపడి వేలు కాల్చుకున్నాను, ఇంటికొచ్చి మందు రాసుకున్నాను. ఆ పిల్లలకు ఆ వీలు లేదు. హునర్ పేరుతో పసివేళ్ళను కాల్చే హక్కు మనకెవరిచ్చారు?

2024లో హైదరాబాద్ లక్క గాజులకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషమే. గాజుకు ఊరి పేరు దొరికింది. ఇంట్లో కూర్చుని నగీనాలు అతికే ఆడవాళ్ళకు దక్కాల్సిన కూలీ మాటేమిటి? వాళ్ళ పేరేమిటి?

నానీ ఇప్పుడు లేదు. నేను చేసిన వంకర గాజును ఖాలా పారేయనివ్వలేదు. అది నా రాతబల్ల మీదుంది. నవాబుల గురించి చాలామంది రాశారు. వేళ్ళ గురించి మనమే రాయాలి.