దస్తావేజులో లాగిన్
వెబ్ అప్లికేషన్ సహాయ పేజీని తెలుగులో తెరిస్తే అప్పుడప్పుడు ‘దస్తావేజులు’ అన్న శీర్షిక ఎదురవుతుంది. పాస్‌వర్డ్ మార్చుకుందామని వచ్చినవాడికి సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు, స్టాంపు కాగితం, పొలానికి నాలుగు దిక్కుల హద్దులు గుర్తుకొస్తాయి. దస్తావేజు అన్న మాట పారసీకం నుంచి దిగింది. అందులో ‘దస్త్’ అంటే చెయ్యి. సంతకమనే దస్కత్తులోనూ, తెలంగాణవాళ్లు ముఖం తుడుచుకునే దస్తీలోనూ ఉన్నది ఆ చెయ్యే. చేతిలో ఉంటే హక్కుకు రుజువుగా నిలబడుతుంది కనుకనే కోర్టులో దస్తావేజుకు అంత విలువ. ఇంగ్లిషు ‘డాక్యుమెంట్’ దారి వేరు. లాటిన్‌లో ‘డొకేరే’ అంటే నేర్పడం, ‘డొకుమెంటుమ్’ అంటే పాఠం. రుజువు కాగితమన్న అర్థం ఇంగ్లిషులో తర్వాత బలపడింది. ఏ మీట నొక్కితే ఏమవుతుందో, ‘404’ ఎర్రర్ వస్తే ఏం చూసుకోవాలో చెప్పే సహాయ పేజీ రాత పాఠమన్న ఆ పాత అర్థానికే దగ్గర. దానికి దస్తావేజు కన్నా ‘వాడుక వివరాలు’ నయం. ప్రోగ్రామర్లు మాత్రం ‘డాక్స్’ అనేసి పని కానిచ్చేస్తున్నారు.