ఆరు వందల ఐదు: పిల్లలు రాసే 6005 వెనక ఉన్న చరిత్ర

ఈ ఎపిసోడ్‌లో రాజులూ యుద్ధాలూ లేవు. ఒక మూడంకెల సంఖ్య కథ చెప్తాను. ఆ సంఖ్య 605.

రెండో తరగతో మూడో తరగతో చదివే పిల్లల్ని "ఆరు వందల ఐదు రాయమ్మా" అని అడిగి చూడండి. చాలామంది 6005 అని రాస్తారు. ముందు 600, దాని పక్కనే 5. "మూడు వందల ఇరవై ఐదు" అంటే 30025. మా నాయుడుపేటలో చుట్టుపక్కల పిల్లల నోటుబుక్కుల్లో దీన్ని చాలాసార్లు చూశాను. దాని మీద ఒక ఎర్ర ఇంటూ మార్కు ఉంటుంది. ఆ తర్వాత ఇంట్లో ఒక మాట: "వీడికి లెక్కలు ఎక్కవు." ఏడేళ్ల వయసులో పడిన ఆ ముద్ర పదో తరగతి దాకా వెంట వస్తుంది.

నేను బీటెక్ చదివి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసి, ఈ వీడియోల్లోకి వచ్చినవాణ్ణి. చరిత్ర చదివాక నాకు అర్థమైంది ఇదీ: ఆ పిల్లాడు తెలివితక్కువగా రాయలేదు. చెవికి విన్నది విన్నట్టు రాశాడు. పెద్దపెద్ద రాజ్యాలు కూడా ఇంచుమించు అలాగే రాశాయి.

శాతవాహనులతో మొదలుపెడదాం. మహారాష్ట్రలోని నానాఘాట్ కనుమలో రాణి నాగానికదిగా చెప్పే శాసనం ఉంది. క్రీస్తు పూర్వం 1వ శతాబ్దం నాటిదని ఎక్కువమంది పండితుల లెక్క. యాగాల్లో ఇచ్చిన దక్షిణలు అందులో సంఖ్యలతో సహా ఉన్నాయి. అక్కడ పదికొక గుర్తు, వందకొక గుర్తు, వెయ్యికొక గుర్తు. 700 రాయాలంటే వంద గుర్తుకు ఏడు గుర్తు తగిలిస్తారు. సున్న లేదు, దానితో పని కూడా లేదు.

మాకు పక్కనే ఉన్న తమిళనాడు సంగతి చూడండి. పాత తమిళ పద్ధతిలోనూ పదికి, నూరుకి, వెయ్యికి వేరువేరు గుర్తులున్నాయి. 605 అంటే ఆరు, నూరు గుర్తు, ఐదు. అంతే. నోటితో ఎలా అంటామో చేత్తో అలాగే రాస్తారు. మన పిల్లాడు చేసింది కూడా ఇదే కదా!

మరి మార్పు ఎక్కడొచ్చింది? క్రీ.శ. 499లో ఆర్యభటుడు ఒక స్థానం నుంచి పక్క స్థానానికి వెళ్తే విలువ పది రెట్లవుతుందని చెప్పాడు. అంటే వందకి వేరే గుర్తు అక్కర్లేదు. అంకె ఎక్కడ కూర్చుందన్నదే దాని విలువ చెప్తుంది. కానీ ఇక్కడో చిక్కుంది. పదులు లేనప్పుడు ఆ చోటు ఖాళీగా ఉందని కాగితానికి ఎలా తెలియాలి?

దీనికి అందమైన సాక్ష్యం కంబోడియాలో దొరికింది. మెకాంగ్ నది ఒడ్డున సంబోర్ దగ్గరి శాసనం అది. మన పల్లవుల లిపి నుంచి పుట్టిన లిపిలో, మన పంచాంగంలో ఇప్పటికీ వేసే శకంలోనే దాని తేదీ ఉంది. ఆ శక సంవత్సరం ఎంతో తెలుసా? సరిగ్గా 605! అంటే క్రీ.శ. 683. ఆరుకీ ఐదుకీ మధ్య ఒక చుక్క పెట్టారు. ఆ చుక్కే సున్న. ఇప్పటికి తెలిసిన అతి పాత సున్నల్లో అదొకటి. తర్వాత 876 నాటి గ్వాలియర్ గుడి శాసనంలో, తోట కొలత 270లో గుండ్రటి సున్న కనిపిస్తుంది.

తెలుగులో పావులూరి మల్లన, మహావీరాచార్యుడి సంస్కృత గణితసారసంగ్రహాన్ని పద్యాల్లోకి తెచ్చాడు. మహావీరుడి పుస్తకంలో ఏకం, దశ, శతం అంటూ 24 స్థానాలకు పేర్లున్నాయి. అటు యూరప్‌లో ఈ అంకెల్ని చూసి పెద్దవాళ్లే భయపడ్డారు. 1299లో ఫ్లోరెన్స్‌లో డబ్బు మార్చే వర్తకుల సంఘం తమ ఖాతా పుస్తకాల్లో వీటిని నిషేధించింది. వర్తకులకే అంత ఇబ్బందైతే, ఏడేళ్ల పిల్లాడికి ఒక్క పీరియడ్‌లో రావాలంటే ఎలా?

అసలు కష్టం ఎక్కడుందంటే, నోరు సున్నని పలకదు. "ఆరు వందల ఐదు"లో సున్న అన్న మాటే లేదు. చాలామంది రూపాయి నోట్లతో నేర్పిస్తారు. మంచిదే, కానీ సగమే. జేబులో పది నోటు లేకపోతే లేదంతే, ఆ ఖాళీకి గుర్తు పెట్టక్కర్లేదు. నోట్లని ఎలా తిప్పి పెట్టినా విలువ మారదు కూడా. కాగితం మీద అలా కుదరదు.

అందుకే ఇలా చేయండి. చీపురు పుల్లలు పదేసి కట్టలు కట్టించండి. పది కట్టలు కలిపితే ఒక మోపు, అంటే వంద. మూడు పళ్లాలు వరసగా పెట్టండి: పిల్లాడికి ఎడమవైపు మోపులు, మధ్యలో కట్టలు, కుడివైపు విడి పుల్లలు. 205 పెట్టమనండి. మధ్య పళ్లెం ఖాళీగా ఉంటుంది. దాన్ని మాత్రం తీసేయకండి. "ఇందులో ఎన్ని?" అని అడగండి. "ఏం లేవు" అంటాడు. అప్పుడు ఆ పళ్లెం ముందు 0 చీటీ పెట్టించండి. అటూ ఇటూ 2, 5 చీటీలు పెట్టి చదవమనండి.

తర్వాత పొడుగు కాగితం మీద 600, చిన్న ముక్క మీద 5 రాయండి. 5ని పక్కన కాకుండా చివరి సున్న మీద పెట్టించండి. 605! పైముక్క ఎత్తితే 600 కిందే ఉంటుంది. అంటే పిల్లాడు రాసిన 600 కరెక్టే, 5 కరెక్టే, పెట్టిన చోటే తేడా. ఈ మాట వాడికి తప్పకుండా చెప్పండి. ఇంటూ మార్కు కంటే అది ఎక్కువ పనిచేస్తుంది.

మీ ఇంట్లో ప్రయత్నించి ఏం జరిగిందో కామెంట్లలో రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటానండీ.