మైకు కంటే ముందు ఫోను

ట్యాంకర్ నీళ్ల మీద మన సర్జాపుర సంఘం మీటింగ్ పెడితే నలుగురే మాట్లాడతారు. ఇది మన ఒక్కరి జబ్బు కాదండీ. తప్పులెంచకుండా అందరూ తోచిందల్లా చెప్పే పద్ధతిని అమెరికా ప్రకటనల రంగానికి చెందిన అలెక్స్ ఆస్‌బోర్న్ 1953 నాటి పుస్తకంతో ప్రచారంలోకి తెచ్చారు. 1958లో యేల్ విశ్వవిద్యాలయంలో పరీక్షిస్తే కథ తిరగబడింది. కలిసి కూర్చున్న నలుగురి కంటే, విడిగా ఆలోచించిన నలుగురివి కలిపితేనే ఎక్కువ ఆలోచనలు వచ్చాయి! వంతు కోసం ఆగడమే పెద్ద దెబ్బని 1987లో డీల్, స్ట్రోబె తేల్చారు. మన వంతు వచ్చేసరికి అనుకున్నది కాస్తా మరిచిపోతాం కదా.

అరిజోనా విశ్వవిద్యాలయంలో జే నూనామేకర్ బృందం 1980లలోనే ఒక గదిలో అందరి ముందూ కంప్యూటర్లు పెట్టి, పేర్లు లేకుండా ఒకేసారి టైపు చేయించింది. పెద్ద గుంపులకు ఇది బాగా కుదిరింది. (నలుగురే అయితే కాఫీ చాలు.)

మన వాట్సాప్ గ్రూపు దీనికి పనికిరాదు. పేరు కనబడుతుంది, పెద్దాయన ముందు రాస్తే అందరూ బొటనవేలు ఎత్తేస్తారు. ఈసారి పది నిమిషాలు గూగుల్ ఫామ్‌లో పేరు అడక్కుండా రాయిద్దాం. మైకు ఆ తర్వాతే.