అసలుకి నకలు చేసిన మేలు

డాలస్‌లో ఓ ఆదివారం పొద్దున, కాఫీ షాపు ముందు పార్కింగ్‌లో కోబ్రా కనబడింది. నీలం రంగు, మీద రెండు తెల్ల చారలు, పక్కలకి పొడుచుకొచ్చిన పొగ గొట్టాలు. ఇంజనీరింగ్ రోజుల్లో హాస్టల్ గోడకి అతికించుకున్న బొమ్మే దిగి వచ్చినట్టుంది. చుట్టూ రెండుసార్లు తిరిగాను. "కిట్ తెప్పించి, నేనూ మా అమ్మాయీ గరాజ్‌లో బిగించుకున్నాం" అన్నాడు ఓనరు. నా ఉత్సాహం చప్పున చల్లారిపోయింది. కారు అదే, చూస్తున్న నేనూ నేనే. మరి మధ్యలో పోయిందేమిటి?

ఆ ప్రశ్న పట్టుకునే కోబ్రా చరిత్ర చదివాను. 1962లో టెక్సస్ రేసర్ కారోల్ షెల్బీ, ఇంగ్లండ్‌లో ఏసీ కార్స్ తయారుచేసే తేలికపాటి కారులో ఫోర్డ్ వీ8 ఇంజిన్ పెట్టించాడు. మొదట్లో చేతిలో ఉన్నది ఒక్కటే కారు. పత్రికలవాళ్ళు నడిపి చూస్తామన్నప్పుడల్లా దానికే కొత్త రంగు వేయించి పంపేవాడు, చాలా కార్లు తయారవుతున్నాయని జనం అనుకోవాలని. అంటే నకళ్ళ వేషం మొదట కట్టింది అసలు కారే!

1960లలో తయారైన కోబ్రాలు సుమారు వెయ్యి. ఆ తర్వాత ఫైబర్‌గ్లాస్ బాడీలతో వచ్చిన నకళ్ళు అంతకి ఎన్నో రెట్లు. 1995లో మసాచుసెట్స్‌లో మొదలైన ఫాక్టరీ ఫైవ్ లాంటి కంపెనీలు ఏకంగా కిట్‌లే అమ్మాయి. బజారులో సరుకు పెరిగితే ధర పడాలి కదా? పడలేదు. రంగులు మార్చుకున్న ఆ మొదటి కారు, సీఎస్ఎక్స్2000, 2016లో మాంటెరే వేలంలో 1.375 కోట్ల డాలర్లు పలికింది.

నాకు తోచిన కారణం ఇది. నకలు కొనేవాడూ అసలు కొనేవాడూ ఒకే బజారుకి రారు. ఒకడికి కావలసింది షికారు, ఇంకొకడికి కావలసింది చరిత్ర. ఆకారం వీధివీధినా దొరుకుతున్నకొద్దీ, విలువంతా దొరకనిదానిలోకి జరిగింది: ఛాసిస్ నంబరు, తొలి రసీదు, ఏ రేసులో ఎవరు నడిపారన్న రికార్డు. పైగా రోడ్డు మీద తిరిగే ప్రతి నకలూ అసలుకి ఉచిత ప్రచారమే. నా గోడ మీది మోజు కొత్త తరాలకి అంటిస్తున్నది అవే.

నకలు నేను నకలునని ఒప్పుకున్నంతకాలం అసలుకి ఢోకా లేదు. ఆ గీత చెరిగితేనే చిక్కు. 1960ల నాటి మిగిలిపోయిన ఛాసిస్‌లతో కోబ్రాలు పూర్తిచేస్తున్నానని షెల్బీ అంటే, అవి కొత్తగా చేయించినవేనని 1993లో లాస్ ఏంజెలెస్ టైమ్స్ బయటపెట్టింది. అదే మనిషి, అదే ఆకారం. తేడా తారీఖులోనే. సృష్టికర్త సైతం వెనక్కి వెళ్ళి 1965ని మళ్ళీ తయారుచేయలేడు. మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే, కోడ్‌ని ఎవరైనా కాపీ చేసుకోవచ్చు. అది రాసిన రోజుని కాపీ చేసుకోలేం.

పార్కింగ్‌లో నాకు లేకుండా పోయింది ఆ కాలమే అన్నమాట. కానీ కాలం నకలు మీద కూడా గడుస్తుందిగా? కోట్ల ఖరీదు చేసే కారుని రోజూ రోడ్డెక్కించే ధైర్యం ఎంతమందికి ఉంటుంది? ఇదైతే వారంవారం కాఫీకి వస్తోంది.

తర్వాతి ఆదివారం మళ్ళీ వెళ్ళాను. ఈసారి బానెట్ ఎత్తి చూపించమని అడిగాను. ఏ బోల్టు తను బిగించాడో, ఏది వాళ్ళమ్మాయి బిగించిందో చెప్పడానికి ఆయనకి అరగంట పట్టింది.